పౌరసత్వ దరఖాస్తు: ఫారం తెరవకముందే తేల్చుకోవాల్సిన మూడు తేదీలు

మన దేశంలో తలదాచుకుంటున్న నిర్వాసితులు, ఏ దేశమూ తమవాళ్లని ఒప్పుకోని మనుషులు పౌరసత్వం కోసం ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు అడిగేది ‘ఏమేం కాగితాలు కావాలి?’ అనే. ఆ ప్రశ్న తర్వాత రావాలి. మొదట తేలాల్సింది తమకు వర్తించే సెక్షన్ ఏదన్నది. సెక్షన్ తప్పితే ఎంత పక్కాగా కాగితాలు జతచేసినా ఫైలు నిలవదు. ఇంకా పెద్ద ప్రమాదం వేరే ఉంది. అప్పటికే పౌరులైనవాళ్లు ఈ ఫారం నింపితే ‘నేను విదేశీయుణ్ణి’ అని తమ చేత్తోనే రాసిచ్చినట్టవుతుంది.

సెక్షన్ తేలాలంటే మూడు తేదీలు కావాలి. ఎక్కడ, ఎప్పుడు పుట్టారు. సరిహద్దు ఎప్పుడు దాటారు. దాటినప్పుడు వీసా ఉంటే అది ఎప్పటితో అయిపోయింది. ఇంట్లో ఒక్కొక్కరికీ ఈ మూడూ వేరువేరుగా రాసుకోవాలి, ఎందుకంటే ఒకే కప్పు కింద ఉన్న తండ్రికి ఒక దారి, కొడుక్కి ఒక దారి, మనవరాలికి ఇంకో దారి ఉండడం మామూలే.

పుట్టిన తేదీతో మొదలుపెడదాం. 1955 పౌరసత్వ చట్టం మూడో సెక్షన్ ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 దాకా ఈ గడ్డ మీద పుట్టినవాళ్లు పుట్టుకతోనే భారత పౌరులు. అమ్మానాన్నలు ఎక్కడివాళ్లన్నది లెక్కలోకి రాదు. విదేశీ రాయబారుల పిల్లల్లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. 1987 జూలై 1 నుంచి 2004 డిసెంబర్ 2 దాకా పుట్టినవాళ్లకు అమ్మానాన్నల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబర్ 3 నుంచి రూలు ఇంకా బిగిసింది. ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై, రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి.

కాగజ్‌నగర్ దగ్గర ఈజ్‌గాం, నజ్రుల్‌నగర్‌లలో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడిన బెంగాలీ కుటుంబాలున్నాయి. అలాంటి కుటుంబంలో తాతగారు పుట్టింది సరిహద్దు అవతల. కొడుకు 1978లో ఇక్కడే పుట్టాడనుకుందాం. అతను దరఖాస్తు పెట్టాల్సిన పనే లేదు, చట్టం దృష్టిలో ఎప్పుడో పౌరుడు. అతనికి కావాల్సింది పౌరసత్వం కాదు, పుట్టినట్టు రుజువు. తమిళనాడులోని శ్రీలంక శరణార్థి శిబిరాల్లోనూ ఇదే జరిగింది. 1986లో మండపం శిబిరంలో పుట్టిన ఒకామెకు పాస్‌పోర్టు ఇవ్వాలని మద్రాసు హైకోర్టు మధురై బెంచ్ 2022లో చెప్పింది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఆమె ఓటు కూడా వేశారు. ఆమె నెగ్గింది పుట్టిన తేదీ, పుట్టిన చోటు రుజువు చేసే కాగితంతో.

ఆ కాగితం లేనివాళ్లు ఏం చేయాలి? తెలుగు రాష్ట్రాల్లో పుట్టి, అప్పట్లో నమోదు చేయించుకోని వాళ్లు ముందు పంచాయతీ లేదా మున్సిపాలిటీ నుంచి ‘రిజిస్టరులో ఈ పేరు లేదు’ అనే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకోవాలి. దాన్ని జతచేసి ఆలస్యపు జనన నమోదుకు మీసేవ ద్వారా ఆర్డీఓకి దరఖాస్తు పెట్టాలి. ఆర్డీఓ ఉత్తర్వు వచ్చాక పంచాయతీ లేదా మున్సిపాలిటీలో పుట్టుక నమోదవుతుంది. బడి రికార్డు, ఆసుపత్రి చీటీ, శిబిరం రిజిస్టరు నకలు ఇక్కడ బాగా పనికొస్తాయి. బడిలో వేసిన తేదీకీ, ఇంట్లో చెప్పుకునే తేదీకీ తేడా ఉంటే బడి తేదీనే పట్టుకోండి. తర్వాత ప్రతి చోటా దాన్నే అడుగుతారు.

పుట్టుకతో పౌరులు కానివాళ్లకు రెండో తేదీ, మూడో తేదీ అవసరమవుతాయి. చట్టం రెండు రకాల మనుషుల్ని అక్రమ వలసదారు అంటుంది. సరైన ప్రయాణ పత్రం లేకుండా వచ్చినవాళ్లు ఒక రకం. సరైన పత్రంతోనే వచ్చి, గడువు దాటాక కూడా ఉండిపోయినవాళ్లు రెండో రకం. ఈ ముద్ర పడితే అయిదో సెక్షన్ కింద సంతతి, పెళ్లి లాంటి బంధంతో పౌరసత్వం పొందే రిజిస్ట్రేషన్‌కు గానీ, ఆరో సెక్షన్ కింద ఎక్కువ ఏళ్ల నివాసంతో పౌరసత్వం పొందే నాచురలైజేషన్‌కు గానీ అర్హత ఉండదు. ఎన్నేళ్లు ఉన్నారన్నది చూడరు. ముప్ఫై ఏళ్లుగా ఇక్కడే ఉన్నా దరఖాస్తు నిలవకపోవడానికి కారణం ఇదే. లాంగ్ టర్మ్ వీసా మీద ఉన్నవాళ్లు దాన్ని గడువు తీరకముందే పొడిగించుకోవాలని పదేపదే చెప్పేది కూడా ఇందుకే. మధ్యలో ఖాళీ వస్తే ఆ ఖాళీకి విదేశీయుల పేర్లు నమోదు చేసే కార్యాలయం ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ దగ్గర సమాధానం రాయించుకుని ఉంచుకోవాలి.

ఆ ముద్రను కొందరికి తీసేసిందే 2019 పౌరసత్వ సవరణ చట్టం (సీఏఏ). అఫ్ఘానిస్తాన్, బంగ్లాదేశ్, పాకిస్తాన్‌ల నుంచి 2014 డిసెంబర్ 31 నాటికి వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు, క్రైస్తవులకు ఇది వర్తిస్తుంది. చట్టం 2020 జనవరి 10న అమల్లోకి వచ్చినా రూల్స్ 2024 మార్చి 11న గానీ రాలేదు. అదే ఏడాది మే 15న ఢిల్లీలో మొదటి 14 మందికి సర్టిఫికెట్లు అందాయి. దీనికింద నాచురలైజేషన్‌కు కావాల్సిన నివాస కాలం 11 ఏళ్ల నుంచి అయిదేళ్లకు తగ్గింది. పౌరసత్వం వస్తే దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచే వచ్చినట్టు లెక్క. అక్రమంగా వచ్చారనో, పౌరసత్వం విషయంలోనో ఏదైనా కేసు నడుస్తుంటే అది రద్దవుతుంది. కేసు ఉందన్న కారణంతో దరఖాస్తు తీసుకోకుండా ఉండకూడదు. దరఖాస్తు పెట్టాడన్న కారణంతో, అప్పటిదాకా ఉన్న హక్కులు తీసేయకూడదు. ఈ చివరి రెండూ చట్టంలోనే రాసి ఉన్నాయి. కౌంటర్ దగ్గర ఎవరైనా వేరేగా చెబితే ఈ సవరణతో వచ్చిన 6బీ సెక్షన్ నకలు చూపించండి.

ఇక్కడ ఈ మధ్య చాలామంది తికమక పడుతున్న విషయం ఒకటుంది. 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త ఇమ్మిగ్రేషన్ అండ్ ఫారినర్స్ చట్టం అమల్లోకి వచ్చింది. దానితోపాటు వచ్చిన మినహాయింపు ఉత్తర్వులో ఇవే మూడు దేశాల నుంచి మతపరమైన వేధింపులకు భయపడి వచ్చిన ఇవే మతాలవాళ్లకు 2024 డిసెంబర్ 31 అనే తేదీ ఉంది. దాన్ని చూసి సీఏఏ గడువు పదేళ్లు పెరిగిందని వాట్సాప్‌లో తిప్పుతున్నారు. పెరగలేదు. ఆ ఉత్తర్వు పాస్‌పోర్టు, వీసా లేనందుకు కేసు పెట్టకుండా కాపాడుతుంది, అంతే. పౌరసత్వం ఇవ్వదు. 2014 డిసెంబర్ 31 తర్వాత వచ్చినవాళ్లు 6బీ కింద దరఖాస్తు పెడితే తిరస్కారమే వస్తుంది. వాళ్లలో సరైన పత్రాలతో వచ్చినవాళ్లు లాంగ్ టర్మ్ వీసా తీసుకుని మామూలు దారిలో నివాస కాలం పోగేసుకోవాలి.

ఇక 6బీ దరఖాస్తు లోపలికి వెళ్దాం. అంతా ఆన్‌లైన్‌లోనే. ఏడు రకాల ఫారాలున్నాయి. భారత సంతతివాళ్లకు రెండు-ఏ, భారత పౌరుల్ని పెళ్లాడినవాళ్లకు మూడు-ఏ, పౌరుల మైనరు పిల్లలకు నాలుగు-ఏ, ఇలా సాగి నాచురలైజేషన్‌కు ఎనిమిది-ఏ. భారత సంతతి అంటే తాను గానీ, అమ్మానాన్నల్లో ఒకరు గానీ అవిభక్త భారతంలో పుట్టి ఉండాలి. తాతగారు పుట్టారంటే సరిపోదు. ఈ ముక్క దగ్గర పొరపాటు పడి రెండు-ఏ నింపేవాళ్లు ఎక్కువ. రుజువు గట్టిగా లేకపోతే ఎనిమిది-ఏ నయం.

రుజువుల్లో రెండు జాబితాలున్నాయి. ఒకటి ఆ దేశం మనిషేనని చూపడానికి, అందులో తొమ్మిది రకాలు: పాస్‌పోర్టు, ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ ఇచ్చిన రిజిస్ట్రేషన్ కాగితం, జనన పత్రం, బడి సర్టిఫికెట్, గుర్తింపు కార్డు, ప్రభుత్వ లైసెన్సు, భూమి లేదా అద్దె కాగితాలు, అమ్మానాన్నలో తాతముత్తాతలో అక్కడి పౌరులని చూపే ఏ పత్రమైనా, చివరికి అక్కడి ప్రభుత్వం ఇచ్చిన ఇంకే కాగితమైనా. గడువు తీరినవీ చెల్లుతాయి. పాస్‌పోర్టు లేదని ఆగిపోనక్కర్లేదు. అవతల తాతగారి పేరున ఉన్న భూమి పన్ను రసీదు, ఆ తాతకూ తనకూ సంబంధం చూపే కాగితం ఉంటే దారి దొరుకుతుంది. రెండో కాగితం లేకపోతే మొదటిది ఒంటరిదైపోతుంది. బంధుత్వం చూపే లంకె తెగిపోవడం ఈ ఫైళ్లలో పెద్ద లోపం.

రెండో జాబితా 2014 డిసెంబర్ 31కి ముందే వచ్చినట్టు చూపడానికి. ఇందులో ఇరవై రకాలున్నాయి. వీసా మీద ఇమ్మిగ్రేషన్ ముద్ర, జనాభా లెక్కల చీటీ, రేషన్ కార్డు, ఇక్కడి జనన పత్రం, రిజిస్టరైన అద్దె ఒప్పందం, పాన్, బ్యాంకు లేదా పోస్టాఫీసు ఖాతా, బీమా పాలసీ, కరెంటు బిల్లు, కోర్టు రికార్డు, పీఎఫ్ కాగితం, బడి టీసీ, వ్యాపార లైసెన్సు, పెళ్లి సర్టిఫికెట్, వార్డు మెంబరు లాంటి ఎన్నికైన ప్రతినిధి లేదా రెవెన్యూ అధికారి ఇచ్చిన ధ్రువీకరణ వగైరా. కార్డు ఇప్పుడు చేతిలో ఉండడం కాదు, దాని మీద ఇచ్చిన తేదీ 2014 డిసెంబర్ 31 లోపు ఉండాలి. 2012లో తీసుకున్న రేషన్ కార్డును 2019లో మార్పించుకుంటే కొత్త కార్డు మీద కొత్త తేదీ ఉంటుంది. అలాంటప్పుడు పాత కార్డు నకలో, ఎమ్మార్వో కార్యాలయం నుంచి పాత నమోదు వివరమో తేవాలి. ఆధార్‌కూ అంతే, మొదటి నమోదు తేదీ చూపించాలి.

ఓటరు కార్డు ఉందని కొందరు సంతోషంగా చూపిస్తారు. జతచేయకముందు ఒక వకీలుతో మాట్లాడండి. ఓటరుగా చేరే ఆరో నంబరు ఫారంలో ‘నేను భారత పౌరుణ్ణి’ అన్న ప్రకటన ఉంటుంది. విదేశీయుడిగా దరఖాస్తు పెడుతూ దాన్ని రుజువుగా ఇస్తే రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. ఇన్ని కాగితాలుండగా దాన్నే పట్టుకోవాల్సిన పని లేదు.

పేర్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. సరిహద్దు స్లిప్పు మీద ‘మొండల్’, రేషన్ కార్డు మీద ‘మండల్’, బడిలో తెలుగు మాస్టారు రాసింది ‘మండలం’. సింధీ కుటుంబాల్లో పాస్‌పోర్టు మీద దాస్‌కు ఇంగ్లీషులో ఒక ఎస్, బ్యాంకు పుస్తకంలో రెండు. తండ్రి పేరే ఇంటిపేరుగా ఎక్కిన కార్డులు, పెళ్లయ్యాక ‘దేవి’ చేరిన కార్డులు. కాగితం పరిశీలించే మనిషికి ఇవి ఇద్దరు వేర్వేరు మనుషులు. ఫారంలో పాస్‌పోర్టు పేరే అక్షరం తేడా లేకుండా రాసి, మిగతా రూపాలన్నీ ఒకే వరసలో పేర్కొంటూ ‘వీరంతా ఒక్కరే’ అనే అఫిడవిట్ నోటరీ చేయించి జతచేయాలి. పేరు సరిపోవడం కోసం దరఖాస్తుకు ముందు ఆధార్‌నీ, పాన్‌నీ హడావుడిగా మార్పిస్తే కొత్త తేదీలు పడి రెండో జాబితా దెబ్బతింటుంది. ఉర్దూ, సింధీ, బెంగాలీ కాగితాలకు నోటరీ చేసిన అనువాదం పెట్టండి. స్కాన్‌లో ముద్ర, సంతకం, తేదీ మూడూ చదవగలిగేలా ఉండాలి.

ఇవి కాక, స్థానికంగా పేరున్న మత సంస్థ నుంచి ఫలానా మతానికి చెందినవారని ఒక ధ్రువీకరణ కావాలి. నాచురలైజేషన్ దరఖాస్తుకు స్వయంగా ఒక అఫిడవిట్, నడవడిక గురించి ఒక భారత పౌరుడి అఫిడవిట్ ఉండాలి. ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో ఒకటి వచ్చునన్న ప్రకటన కూడా ఇవ్వాలి. అందులో తెలుగుంది. మాట్లాడడం, చదవడం, రాయడంలో ఏ ఒక్కటి వచ్చినా చాలని రూల్సే చెబుతున్నాయి. చదువు లేని పెద్దవాళ్లు దీనికి భయపడక్కర్లేదు.

దరఖాస్తు వెళ్లేది కలెక్టరుకని చాలామంది అనుకుంటారు. 6బీ దారిలో అది జిల్లా స్థాయి కమిటీకి వెళ్తుంది, దానికి అధ్యక్షులు తపాలా శాఖ సూపరింటెండెంట్. కలెక్టరేట్ నుంచి వచ్చే ప్రతినిధి అక్కడ ఆహ్వానితుడే. పిలిచిన రోజు అసలు కాగితాలతో స్వయంగా హాజరవ్వాలి. అక్కడే విధేయతా ప్రమాణం చేయించి సంతకం పెట్టించుకుంటారు. ఆ తర్వాత ఫైలు రాష్ట్ర స్థాయి సాధికార కమిటీకి వెళ్తుంది. దానికి జనాభా లెక్కల డైరెక్టర్ అధ్యక్షులు, నిఘా విభాగం, ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ ప్రతినిధులు సభ్యులు. అవకాశాలిచ్చినా మనిషి హాజరు కాకపోతే తిరస్కరించే విషయం చూడమని జిల్లా కమిటీ రాసి పంపుతుంది. కూలికి వేరే ఊరు వెళ్లే కుటుంబాల ఫైళ్లకు ఇదే గండం. దరఖాస్తులో ఇచ్చిన ఫోన్ నంబరు మార్చకండి, ఇంటర్నెట్ సెంటర్ వాళ్ల నంబరు అసలు ఇవ్వకండి.

మామూలు దారి, అంటే అయిదు, ఆరు సెక్షన్లు, చెల్లుబాటయ్యే వీసాతో వచ్చి అలాగే ఉన్నవాళ్లకు. ఇక్కడ ఫైలు కలెక్టరు, రాష్ట్ర ప్రభుత్వం, కేంద్ర హోంశాఖ వరసలో కదులుతుంది. నివాసం లెక్క చాలా కచ్చితంగా ఉంటుంది. దరఖాస్తుకు ముందు 12 నెలలు వరసగా దేశంలోనే ఉండాలి. ప్రత్యేక పరిస్థితుల్లో 30 రోజుల దాకా సడలింపు ఉంది. దానికి ముందు, రిజిస్ట్రేషన్ అయితే ఎనిమిదేళ్లలో ఆరేళ్లు, నాచురలైజేషన్ అయితే పద్నాలుగేళ్లలో పదకొండేళ్లు. అక్కలో తమ్ముడో ఆ ఆఖరి ఏడాదిలో పెళ్లికని అవతలికి వెళ్లి రెండు నెలలుండి వస్తే 12 నెలల లెక్క మళ్లీ మొదలు. ఈ లెక్క ఎంత గట్టిదో వేములవాడ మాజీ ఎమ్మెల్యే కేసులో తెలుగువాళ్లంతా చూశారు. 2009లో వచ్చిన పౌరసత్వాన్ని, ఆ 12 నెలల్లో చేసిన విదేశీ ప్రయాణాలు దాచారంటూ హోంశాఖ రద్దు చేసింది. 2024 డిసెంబర్‌లో తెలంగాణ హైకోర్టు ఆ రద్దును సమర్థించి 30 లక్షల రూపాయల ఖర్చులు కట్టమంది. సర్టిఫికెట్ చేతికొచ్చాక కూడా పదో సెక్షన్ కింద తీసేయగలరు. ప్రయాణాలన్నీ రాయండి, ఇబ్బందిగా ఉన్నవి కూడా.

ఈ దారిలో మనిషిని నిజంగా ఏ దేశానికీ చెందకుండా చేసేది పాత పౌరసత్వం వదులుకునే మెట్టు. హోంశాఖ ఫైలుకు అంగీకారం తెలిపాక పాత దేశం నుంచి త్యజన పత్రం తెమ్మంటుంది. పాకిస్తాన్ చట్టంలో 21 ఏళ్లు నిండనివాళ్లు పౌరసత్వం వదులుకోలేరు. మన చట్టానికి 18 నిండితే చాలు. మధ్యలోని ఆ మూడేళ్లలో ఇరుక్కున్న ఇద్దరు అక్కచెల్లెళ్లు కేరళలో కోర్టుకెక్కారు. పాస్‌పోర్టులు 2017లోనే అప్పగించేశారు, వయసు చాలదని త్యజన పత్రం రాలేదు. అది లేకుండానే పౌరసత్వం ఇవ్వమని 2024లో సింగిల్ జడ్జి అన్నారు. 2025లో డివిజన్ బెంచ్ ఆ తీర్పును పక్కన పెట్టింది. అందుకే అధికారికంగా అడగకముందు పాత పాస్‌పోర్టు ఎక్కడా అప్పగించకండి. అప్పగించాల్సి వస్తే ముందు అన్ని పేజీలూ, ఖాళీవి కూడా, స్కాన్ చేసుకుని, అప్పగించిన రసీదు తీసుకోండి. 6బీ ఫారంలో అయితే పాత పౌరసత్వం తిరుగులేకుండా వదులుకుంటానన్న ప్రకటన ఫారంలోనే ఉంటుంది.

పిల్లల వయసు ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోవాలి. తల్లిదండ్రులు పౌరులయ్యాక మైనరు పిల్లల్ని 5(1)(డి) కింద నమోదు చేయించవచ్చు. పెద్దల ఫైలు సాగుతుండగా పిల్లకు 18 నిండిపోతే ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు 5(1)(ఇ)కి మారాలి, దానికి వేరే షరతులుంటాయి. పిల్లకు 15, 16 ఉంటే ప్రత్యేక పరిస్థితుల్లో ఏ మైనరునైనా నమోదు చేసే 5(4) సెక్షన్ కింద కూడా అడగండి.

గల్ఫ్‌లో పుట్టిన మన పిల్లల సంగతి వేరు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికి వెళ్లిన తల్లులకు అక్కడ పుట్టి, ఏ కాగితమూ లేకుండా ఉన్న పిల్లలున్నారు. వీళ్లకు కావాల్సింది నాలుగో సెక్షన్ కింద భారత రాయబార కార్యాలయంలో జనన నమోదు. పుట్టిన ఏడాది లోపు చేయించాలి. దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. వేరే దేశం పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. అక్కడి ఆసుపత్రి ఇచ్చిన జనన నోటిఫికేషన్‌ను ఏం జరిగినా పోగొట్టుకోవద్దు. దానితోనే మిగతావన్నీ మొదలవుతాయి.

దారి లేనివాళ్ల గురించీ సూటిగా చెప్పాలి. హైదరాబాద్ బాలాపూర్ ప్రాంతంలో ఉన్న రోహింగ్యాలను మయన్మార్ 1982 చట్టంతో ఏ దేశానికీ చెందనివాళ్లను చేసింది. 6బీ జాబితాలో మయన్మార్ లేదు, ముస్లింలు లేరు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చే కార్డు మన పౌరసత్వ చట్టంలో రుజువు కాదు. దేశరహితుల గురించిన 1954, 1961 ఒడంబడికల్లో భారత్ చేరలేదు. 1983 తర్వాత వచ్చిన శ్రీలంక తమిళులకూ 6బీ లేదు. ఒకే బాధతో వచ్చిన మనుషుల్ని దేశాన్ని బట్టి, మతాన్ని బట్టి విడదీయడం నాకు న్యాయంగా కనిపించదు. సీఏఏ మీద పిటిషన్లు సుప్రీంకోర్టులో ఉన్నాయి. ఈలోగా వాళ్లకు దొంగ జనన పత్రాలు, ఆధార్‌లు ఇప్పిస్తామనే దళారులు బస్తీల్లో తిరుగుతున్నారు. ఒక్కసారి అలాంటి కాగితం పుడితే మనిషి మీద ఫోర్జరీ కేసు పడుతుంది, రేపు చట్టం మారినా ఆ కేసు మారదు.

సర్టిఫికెట్ డిజిటల్‌గా వస్తుంది. కావాలని అడిగితే కాగితం మీదా ఇస్తారు. రాగానే పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు అక్షరం అక్షరం చూసి, తప్పుంటే వేరే ఎక్కడా వాడకముందే సవరణకు రాయండి. ఆ తర్వాతే వీసా గడువుతో ముడిపడ్డ ఆధార్‌ను మార్పించడం, బ్యాంకులో విదేశీయుల కేవైసీ తీయించడం, ఆరో నంబరు ఫారంతో ఓటు, ఆపైన పాస్‌పోర్టు. ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓకి సర్టిఫికెట్ నకలు ఇచ్చి అక్కడి ఫైలు మూయించడం మరిచిపోకండి. లేకపోతే వీసా గడువు దాటిందని ఆ లెక్కల్లో మీ పేరు అలాగే ఉండిపోతుంది.